పెరటి చెట్టు, పాత తాంబాళము



నేడు నేను ముచ్చటింపదలచినది గహనమైన శాస్త్రవిషయము కాదు. ఇంటి వెనుకనున్న నాలుగు బారల నేలను గూర్చియు, అటకమీద దుమ్ముపట్టియున్న పాత సామానును గూర్చియు కొన్ని మాటలు విన్నవింపవలెనని వచ్చితిని. పెరడు వేఱు, పాత సామాను వేఱు, ఈ రెంటికిని పొత్తేమని మీరడుగవచ్చును. నేనును చాలకాలము అట్లే తలచితిని. ఇల్లు హాయిగా నుండుటకు ఈ రెండును కలిసియే పనిచేయునని నాకు తెలిసినది గ్రంథములు చదివి కాదు, ఒక తప్పు చేసి. కావున ముందుగా ఆ తప్పును చెప్పుకొందును.

మాది దేవరకొండ ప్రాంతమున నొక పల్లె. బడిలో తెలుగు చెప్పుచు ముప్పదియేండ్లకు పైగా గడపి, విశ్రాంతి పొందిన వాడను. మా తండ్రిగారి నాటి ఇల్లు రాతిగోడల మిద్దెయిల్లు. వీథివైపు అరుగు, టేకు దర్వాజ, నడుమ ఆకాశము కనుపించు భవంతి, గోడలలో దీపపు గూళ్లు, వెనుక పెరడు. పెరటిలో చేదబావి, దాని గట్టున రోలు, ఒక నిమ్మచెట్టు, ఒక కరివేపచెట్టు, పందిరిమీద ఆనపతీగె. 1991లో నాకు స్లాబుయిల్లు కట్టవలెనను కోరిక పుట్టెను. అది తప్పు కాదు. మిద్దె కురియుచుండెను, గోడలు నెఱ్ఱెలు విచ్చియుండెను. ఇల్లు కట్టుటకు రూకలు చాలకపోగా, అటకమీది సామాను వట్టి బరువనియు, పెరడు వట్టి బురదయనియు తలచుటయే నా తప్పు.

పాత సామాను కొనువాడొకడు తక్కెడతో వచ్చెను. గంగాళము, రెండు బిందెలు, బోగాని, కంచుగిన్నెలు, మా తల్లిగారి తాంబాళము, అన్నియు తూకమునకు పోయినవి. తాంబాళము అంచున మా తల్లిగారి పేరు చెక్కియుండెను. ఆ బేరగాడు ఆ అక్షరములను బొటనవ్రేలితో తడవి, "పంతులుగారూ, పేరుకు తూకం లేదు" అని నవ్వెను. నేనును నవ్వితిని. మా తల్లిగారు గతించి అప్పటికి మూడేండ్లయినది. నిమ్మచెట్టును కొట్టించి, పెరడంతయు సిమెంటు పోయించితిని.

ఆ యేడు బతుకమ్మ పండుగనాడు నా భార్య తాంబాళమునకై వెదకి, లేదని తెలిసికొని, ప్లాస్టిక్ పళ్లెమున పూలు పేర్చినది. చెఱువుకట్టకు పోవు త్రోవలో పళ్లెము బరువునకు వంగి, బతుకమ్మ ఒక ప్రక్కకు ఒరిగిపోయెను. ఆమె నన్ను నిందింపలేదు. "అత్తమ్మ తాంబాళం ఉంటె గిట్ల కాకపోవు" అని మాత్రము అనినది. ఆ మాట నాకు ఇరువదియైదేండ్లు వినబడుచునే యుండెను. ఇక సిమెంటు పెరడు వేసవిలో పగలెల్ల కాలి, రాత్రి జాము గడచువఱకు ఆ వేడిని ఇంటిలోనికే వదలుచుండెను. ఇంటిలో తాజా కరివేపరెబ్బకు సైతము అంగడికి పోవలసి వచ్చినది.

ఇది జరిగిన పిదప ఇంటి హాయి యననేమి యని ఆలోచింప మొదలిడితిని. పట్టణములలో కొందఱు పాత బండిచక్రమును గోడకు తగిలించి, ఇత్తడి బిందెను మూలనుంచి, చూడవచ్చినవారికి చూపుదురు. దానిని నేను తప్పుపట్టను. కొలిమిపాలు కావలసిన వస్తువు దానివలన నిలిచినది గదా. కాని చూపుట కొఱకే యుంచిన వస్తువు కొన్నాళ్లకు కంటికి ఆనదు. దుమ్ముపట్టును, చిలుమెక్కును, మరల అటక చేరును. దినమున కొక్కసారి చేయి తగులు వస్తువు మాత్రమే ఇంటిలో నిలుచును. చెట్టునకును అదియే న్యాయము. నాటినవాని చేయి తగులని మొక్క రెండు వేసవులు దాటదు. నేను చెప్పదలచిన దంతయు ఈ యొక్క మాటయే. మిగిలినది దానికి వివరణము.

మన సీమలోనే దీనికొక గొప్ప నిదర్శనము కలదు. మహబూబునగరు పట్టణమునకు చేరువనున్న పిల్లలమఱ్ఱిని మీలో పలువురు చూచియుందురు. సూర్యాపేట దగ్గఱ కాకతీయుల నాటి గుళ్లుగల పిల్లలమఱ్ఱి గ్రామము వేఱు, ఇది వేఱు. ఈ మఱ్ఱిచెట్టు వయస్సు ఏడువందల యేండ్లని చెప్పుదురు. మూడెకరములకు పైగా ఊడలు దించినది. దాని గొప్పతనము చూడవచ్చిన వారు కొమ్మలపై కూర్చుండిరి, ఊగిరి. లోపల చెదలు తినుచుండుటను చాలకాలము ఎవరును గమనింపలేదు. 2017 తుదిలో ఒక పెద్దకొమ్మ కూలినది. అప్పుడు సందర్శకులను ఆపి, 2018లో చెదలమందును నీటితో పలుచన చేసి, రోగికి సెలైను ఎక్కించినట్లు సీసాలనుండి చుక్కచుక్కగా కొమ్మలలోని కెక్కించిరి. వ్రాలుచున్న కొమ్మలకు ఆపులు నిలిపిరి. అంత పెద్ద చెట్టును కాపాడినది మెచ్చుకోలు కాదు, ఒకరి చేతిపని.

ఇక పెరటిపని చూతము. మన పల్లెలలో విరివిగా నున్నది చల్కనేల. ఎఱ్ఱనిది, ఇసుకపాలు ఎక్కువ, నీరు నిలుపదు. వర్షము సంవత్సరమునకు ఆఱు, ఏడువందల మిల్లీమీటర్ల చుట్టుపట్ల. అదియు చాలవఱకు జ్యేష్ఠము మొదలు ఆశ్వయుజము లోపలనే. కావున ఈ నేలలో తోట యనగా మొదట ఎరువు, పిదప నీడ, ఆ పిదపనే మొక్క. చెట్టు నాటు చోట రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు గుంట త్రవ్వి, వేసవి యెండకు కొన్నాళ్లు ఆరనిచ్చి, పైమట్టియు మాగిన పశువుల యెరువును సమముగా కలిపి, గుప్పెడు వేపపిండి చల్లి నింపవలెను. పచ్చిపేడ వేయరాదు. అది వేడిచేసి వేరును చంపును, చెదలను పిలుచును.

చెట్లెన్ని నాటవలెను? ఆఱవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకు ఒక అధ్యాయమే కేటాయించెను. చెట్టునకును చెట్టునకును నడుమ ఇరువది మూరలుండుట ఉత్తమమనియు, పదునాఱు మధ్యమమనియు, పండ్రెండునకు తక్కువ కూడదనియు అందు చెప్పెను. పండ్రెండు మూరలనగా పదునెనిమిదడుగులు. నేటి పెరటికి ఈ లెక్క వేసినచో ఒక్క చెట్టునకే చోటు మిగులును. ఆ ఒక్కదానిని పడమటివైపున, గోడకు దూరముగా నాటుడు. మధ్యాహ్నము దాటిన యెండయే ఇంటిని కాల్చునది. ఆ దిక్కున నీడయున్నచో గోడ చల్లబడును. మన నేలకు వేప సరిపడును, మునగ సరిపడును, సీతాఫలము మిక్కిలి సరిపడును. బాలానగరము పేరు గల సీతాఫలపు రకము మన మహబూబునగరు సీమదే యని దేశమంతట తోటమాలులు ఎఱుగుదురు. నల్లగొండ బత్తాయికి పేరు మోసినది గాని, బత్తాయికి నీరు కావలెను. నీటికి కటకటయైన ఇంటివారు నిమ్మతో తృప్తిపడుట మేలు.

తూర్పువైపున ఉదయపుటెండ తగులుచోట ఆకుకూరల మళ్లు వేయవలెను. తోటకూర నెలదినములలో చేతికి వచ్చును. పుంటికూరయు, బచ్చలియు కోసినకొలది చిగుర్చును. మృగశిర కార్తెలో తొలకరి పడగానే ఆనప, బీర, కాకర గింజలు పందిరి మొదట పెట్టుడు. గోకర, చిక్కుడు నేలమీద వేయుడు. మళ్ల అంచున బంతి నాటుట మన పెద్దల యలవాటు. దాని వేళ్లు మట్టిలోని నులిపురుగులను తగ్గించునని నేటి శాస్త్రజ్ఞులును చెప్పుచున్నారు. అందమునకని నాటినది కాపలా కూడ కాయుచున్నదన్నమాట.

ఈ కూరమడి నల్లగొండ సీమవారికి వట్టి వినోదము కాదు. మన భూగర్భజలములో ఫ్లోరైడు మిక్కుటమై ఎందఱి పండ్లను పాడుచేసినదో, ఎందఱి నడుములను వంచినదో మీకు చెప్పనక్కఱలేదు. నీటిలో ఫ్లోరైడు లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించరాదని నియమము. పటిక, సున్నము వేసి ఆ విషమును అడుగునకు దించు ఉపాయమును నాగపురములోని శాస్త్రజ్ఞులు రూపొందించి, దానికి నల్లగొండ పద్ధతి యనియే పేరిడిరి. ఒక ఊరి పేరు ప్రపంచమునకు దాని బాధవలన తెలియుట ఎంత శోచనీయము! 2016లో మిషన్ భగీరథ ఆరంభమైన తరువాత శుద్ధిచేసిన నీరు కుళాయిలలోనికి వచ్చినది. త్రాగునీరు మంచిదగుటయే మొదటి చికిత్స. దానికి తోడుగా కాల్షియము, సి విటమిను గల ఆహారము తినవలెనని వైద్యులు చెప్పుదురు. మునగాకు, తోటకూర, ఉసిరి, నిమ్మ, ఇవి పెరటిలోనుండగా పిల్లలకు ఆ రెంటికిని లోటేల?

నీటి సంగతి. త్రాగుటకు వచ్చిన కుళాయినీటిని చెట్లకు పోయుట అన్యాయము. బియ్యము, కూరలు కడిగిన నీరు మళ్లకు చాలును. స్నానపునీటిని కాలువచేసి అరటికిని, మెట్టతామరకును పాఱించుడు. సబ్బునీరు ఆకుకూరలకు తగదు. ఎండకాలమునకు మఱియొక ఉపాయము కలదు. చెమర్చుచున్న మట్టికుండ నొకదానిని మెడవఱకు నేలలో పూడ్చి, నీరు నింపి, మూతపెట్టి, చుట్టును నాలుగు పాదులు పెట్టవలెను. మట్టి ఆరినప్పుడు కుండ తన సన్నని రంధ్రములనుండి నీటిని వదలును, మట్టి తడిసినప్పుడు ఊరుకొనును. రెండువేల యేండ్ల క్రిందట చీనాదేశపు వ్యవసాయగ్రంథములో ఈ పద్ధతి వ్రాయబడినది. ఇచట నొక మెలకువ వలయును. మన నీటిలో ఉప్పుపాలు హెచ్చు. కొన్ని యేండ్లు వాడిన కుండ రంధ్రములు పూడి, చెమర్చుట మానును. అట్టి కుండ పూడ్చుటకు పనికిరాదు. దాని అడుగున రంధ్రము చేసి, మట్టినింపి, తులసికో మల్లెకో తొట్టిగా వాడుకొనుడు. కుండ పాతబడినప్పుడు దానికి పని మాఱును గాని, పని పోదు.

ఇట్లే తక్కిన పాత సామానును పెరటిలో పనికి పెట్టవచ్చును. మిక్సీ వచ్చిన పిదప మూలబడిన రోలును చెట్టునీడను నిలిపి నీరు పోసినచో పిచ్చుకలు, గోరువంకలు వచ్చి త్రాగును. విసుఱురాయి పలకలు బురదలో అడుగుపెట్టుటకు మెట్లగును. పూర్వము పశువులకు కుడితిపోసిన గోలెము కలువకుండగా మాఱును. కాని నిలువనీరు దోమలకు పుట్టినిల్లు. గ్రుడ్డునుండి రెక్కల దోమ వెలువడుటకు వారము, పదిదినములు చాలును. కావున రోటిలోని నీటిని రెండుమూడు దినములకొకసారి పాఱబోసి రుద్దవలెను. కలువ గోలెములో దోమపిల్లలను తిను చిన్నచేపలు విడువవలెను. ఇత్తడి గంగాళమునకు మాత్రము రంధ్రము చేయకుడు. మొక్కను మట్టికుండలోనుంచి, ఆ కుండను గంగాళములో నిలుపుడు. రేపు మీ మనుమనికి గంగాళముతో పని పడవచ్చును.

ఇక ఇంటిలోపలి మాట. ఇత్తడి యనగా రాగియు, తుత్తునాగమును కలిసినది. కంచు రాగియు, తగరమును కలిసినది. రాగిపాలు ఎక్కువగా నుండుటచే పులుసు తగిలినచో ఇత్తడి చిలుమెక్కి, వాంతులు పుట్టించును. అందుకే పెద్దలు వంటపాత్రలకు కళాయి వేయించెడివారు. పాత్రను తోమి, కొలిమిపై కాచి, నవాసారము చల్లి, తగరపు కడ్డీని అద్ది, దూదితో లోపలంతయు పూయుదురు. తగరము కొద్ది వేడికే కరగును గనుక పలుచని పొరయై అంటుకొనును. పాత పాత్రను వంటకు వాడదలచినవారు కళాయి తప్పక వేయింపవలెను. ఆ తగరములో సీసము కలియలేదని పనివానిని అడిగి రూఢి చేసికొనవలెను. కళాయివేయువాడు దొరకనిచో ఆ పాత్రను పూలకు, నీరు తోడుటకు, పప్పుదినుసులు పోసికొనుటకు వాడుడు. ఇత్తడిని చింతపండు, ఉప్పుతో తోమి, కడిగి, వెంటనే తుడిచి ఆరబెట్టవలెను. పేరు చెక్కియున్నచోట ఇసుక, ఇటుకపొడి తగులనీయకుడు. గుడ్డతో మెల్లగా రుద్దుడు. అక్షరము అరిగినచో మరల రాదు.

ఇల్లు పడగొట్టునప్పుడు టేకు దర్వాజను కట్టెలక్రింద అమ్మివేయుట చూచుచున్నాము. ఆ చేవగల కఱ్ఱను నేడు కొనవలెనన్న మన తరము కాదు. దానిని బల్లగానో, అలమరగానో, క్రొత్తయింటి పెరటి గుమ్మముగానో చేయించుకొనవచ్చును. పాతరంగు గీకునప్పుడు జాగరూకత వలయును. పూర్వపు నూనెరంగులలో సీసము విరివిగా నుండెను. మిలియను భాగములకు తొంబది భాగములకు మించి సీసము ఉండరాదను నియమము మన దేశమున 2017 నవంబరు నుండియే అమలునకు వచ్చినది. కావున పాత తలుపును పొడిగా గీకి దుమ్ము లేపకుడు. తడిపి గీకి, పెంకులను మూటగట్టి తీసివేయుడు. పసిపిల్లలను దగ్గఱకు రానీయకుడు. పిదప అవిసెనూనె పలుచగా పూసినచో కఱ్ఱ నిగనిగలాడును. ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలపడవేసినచో తమంతట తామే వేడెక్కి అంటుకొనవచ్చును. వానిని పఱచి ఆరబెట్టుడు.

పాత బట్టలును ఇట్లే. పోచంపల్లి నేతచీర చిరిగినను అంచు గట్టిగా నుండును. పుట్టపాక తేలియారుమాలు, నారాయణపేట, గద్వాల చీరల ముక్కలు దిండ్లకును, కిటికీ తెరలకును, బొంతలకును ఎంత శోభ నిచ్చునో కుట్టి చూడుడు. ఎండ నేరుగా పడుచోట మాత్రము వ్రేలాడదీయరాదు, రంగు వెలయును. గోడలోని దీపపు గూటిని పూడ్చక, అందొక చెంబులో నాలుగు కరివేప రెబ్బలో, బంతిపూలో ఉంచుడు. పెరడును పాత సామానును కలియుచోటు అదియే. ఇంతకంటె అలంకారమేమి కావలెను?

ఇంటిలో లేనివారు బయట కొనవచ్చును. ప్రతి పట్టణమునను పాతయినుము కొట్లు కలవు. హైదరాబాదులో గురువారమునాడు సాగు జుమేరాత్ బజారు పాత సామానుకు ప్రసిద్ధము. కాని పెద్దలైన మీకొక మనవి. ఇంటి సామాను వేఱు, ఊరి సొత్తు వేఱు. గుడి శిల్పము, వీరగల్లు, శాసనపు రాయి ఎంత అందముగా నున్నను పెరటికి తేరాదు. నూఱేండ్లు దాటిన శిల్పములును, కళావస్తువులును, డెబ్బదియైదేండ్లు దాటిన విలువగల వ్రాతప్రతులును 1972 నాటి చట్టము ప్రకారము పురావస్తువులు. పొలములో అట్టివి బయటపడినచో అధికారులకు తెలుపవలెను. మన సీమ ఈ విషయమున వెనుకబడినది కాదు. శ్రీశైలపు ఆనకట్టనీటిలో మునుగనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయి విడదీసి అలంపురమున నిలువబెట్టిరి. నల్లగొండ చెంత పానగల్లులో మన శిల్పములకు ప్రదర్శనశాల కలదు. ఇంటిలో తాటాకు గ్రంథములున్నవారు వానిని ఏటిలో విడువక, హైదరాబాదులోని ప్రాచ్యలిఖిత భాండాగారమువారికి చూపుడు. ఊరి సొత్తును ఊరు కాపాడవలెను. ఇంటి సొత్తును ఇల్లు కాపాడవలెను.

ఇక నా కథ ముగింతును. ఉద్యోగవిరమణానంతరము నేను మొదట చేసిన పని పెరటి సిమెంటును పగులగొట్టించుట. క్రింద మట్టి బూడిదవలె చచ్చియుండెను. మూడేండ్లు ఎరువువేసి, ఆకుచెత్త కప్పి దానిని బ్రతికించితిని. నిమ్మ నాటితిని, పందిరి వేసితిని. పొలములలో కలుపుమందులు చల్లుటచే గునుగుపూవు మా ఊర అరుదైనది. గట్లమీద మిగిలినదాని గింజలు తెచ్చి పెరటి మూల చల్లితిని. తంగేడు గింజలను ఒక రాత్రి నానబెట్టి ప్రహరీవెంట పెట్టితిని. మూడవయేట అవి పూచినవి.

తాంబాళము మాత్రము లేదు. మా తల్లిగారిది ఎప్పుడో కరగిపోయినదని నాకు తెలియును. అయినను పట్టణమునకు పోయినప్పుడెల్ల పాతసామాను కొట్లలో తొంగిచూచుట అలవాటయ్యెను. ఒకనాడు ఇనుపముక్కల నడుమ ఒక తాంబాళము కనబడెను. అంచున పేరున్నది, మా తల్లిగారి పేరు కాదు, ఎవరో మఱియొక ఇల్లాలిది. కొట్టువాడు దానిని తక్కెడలోవేసి మూడున్నర కిలోలని చెప్పెను. నేను బేరమాడలేదు. ఆ పేరు నేనిచట చెప్పను. ఆమె బిడ్డలెవరైనను వినుచుండి, తమ తల్లి తాంబాళమును గుఱుతులు చెప్పి అడిగినచో, అది వారిదే.

ఆ యేడు నా భార్య మా పందిరి ఆనపాకులు ఆ తాంబాళమున పఱచి, మా పెరటి గునుగు, తంగేడు, బంతి పేర్చినది. నా మనుమరాలు అంచునగల అక్షరములను కూడబలుకుకొని చదివి, "తాతా, ఈమె ఎవరు?" అని యడిగెను. తెలియదంటిని. అప్పుడు నేను నా భార్యతో, "ఇంకొక ప్రక్క అమ్మ పేరు చెక్కించుదునా?" అంటిని. ఆమె కొంతసేపు పూలు సర్దుచు ఊరకుండి, "వద్దు. ఆమె పళ్లెం ఆమెదే. అత్తమ్మ పేరు మీ మనుమరాలికి నోటితోటి చెప్పుండ్రి" అనినది. నేను చెప్పితిని. ఆ సాయంకాలము బతుకమ్మ ఒరగలేదు.

శ్రోతలారా, పాతవన్నియు దాచుకొండని నేను చెప్పను. అట్లు చేసినచో ఇల్లు కొట్టుగది యగును. ఒక్కటి మాత్రము చేయుడు. తక్కెడవాడు వాకిట నిలిచినప్పుడు, సామాను దింపక ముందు ఇంటిలోని ఆడవారిని ఒక్కమాట అడుగుడు. దేనికి ఇంకను పనియున్నదో వారికి తెలియును. పెరటిలో సిమెంటు పోయించుటకు ముందు ఒక్క చెట్టునకు చోటు విడువుడు. ఆ చెట్టుపూలు పెట్టుటకు ఇంటిలో ఒక్క పాతపాత్ర నిలుపుడు. ఈ వానకాలము దాటనీయకుడు.